హ్లుహ్లూవే-ఇంఫొలోజిలో రెండు వారాల వాలంటీర్ పని: ఎవరు వెళ్లొచ్చు, ఎవరు వెళ్లకూడదు

ముందే చెప్పేస్తున్నాను, సింహాలూ ఏనుగులూ చూసి ఫొటోలు తీసుకుందామని అయితే దీనికి డబ్బు కట్టకండి. అదే డబ్బుతో మామూలు సఫారీకి వెళ్తే ఇంతకంటే ఎక్కువ జంతువులు కనిపిస్తాయి. ఇది పని. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, పైకప్పు లేని బండి వెనక చలికి ముడుచుకుని కూర్చుని, నాలుగు గంటలు తిరిగి, చాలా రోజులు ఏమీ కనపడకుండానే తిరిగొచ్చి ఆ సంగతే ఫారంలో రాయాలి. సాయంత్రం మళ్లీ అదే. ఇది తెలిసే వెళ్తానంటే మాత్రం కళ్లు మూసుకుని వెళ్లండి.

నేను వెళ్లింది జులైలో. మన దగ్గర వానలు పడుతుంటే అక్కడ చలికాలం. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నాటాల్ అనే రాష్ట్రం, డర్బన్ నుంచి ఉత్తరంగా మూడు గంటల పైన ప్రయాణం. ఇలాంటి అడవిని అక్కడ గేమ్ రిజర్వ్ అంటారు, మన అభయారణ్యం లాంటిదే, కాకపోతే చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. దీన్ని 1895లో ప్రకటించారు, ఆఫ్రికాలోని బాగా పాతవాటిలో ఇదొకటి, దాదాపు 960 చదరపు కిలోమీటర్లు. తెల్ల ఖడ్గమృగం ఇవాళ భూమ్మీద ఉందంటే ఈ అడవి వల్లే. ఒకప్పుడు తెల్ల ఖడ్గమృగాల్లో దక్షిణాది రకంలో మిగిలిన కొద్దిపాటివీ ఇక్కడే ఉండేవి, 1960ల్లో ఇక్కడి నుంచే పట్టి వేరే అడవులకి పంపారు.

మా పని ముఖ్యంగా అడవి కుక్కలు. మన రేచుకుక్కలు కావివి. మనవి ఎర్రగా ఉంటాయి, వీటికి నలుపు, పసుపు, తెలుపు రంగులు ఒంటి మీద ఒలకబోసినట్టు ఉంటాయి, చెవులు గుండ్రంగా, పెద్దగా. ఏ రెండిటికీ ఒకే మచ్చలుండవు, అందుకే ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి ఫొటో తీసి ఏది ఏదో గుర్తుపడతారు. మందలో ఒకటో రెండో కుక్కలకి రేడియో కాలర్, అంటే సిగ్నల్ పంపే మెడపట్టీ, ఉంటుంది. బండి మీద నిలబడి యాంటెన్నా ఎత్తి నెమ్మదిగా చుట్టూ తిప్పుతుంటే, ఏ దిక్కున రిసీవర్‌లో టిక్కుటిక్కు శబ్దం గట్టిగా వినిపిస్తే అవి ఆ వైపు ఉన్నట్టు. కొండ అడ్డమొస్తే శబ్దం రాదు, లేదా ఎదురు కొండకి తగిలి తప్పు దిక్కు నుంచి వస్తుంది. మొదటి మూడు రోజులూ నాకు బీప్‌కీ గరగరకీ తేడా తెలియలేదు, నాలుగో రోజు ఒక్కసారిగా చెవికి అలవాటైపోయింది.

ఇవన్నీ రోజూ ఎందుకు రాయాలి అని నాకూ అనుమానం ఉండేది. మమ్మల్ని వెంటబెట్టుకుని తిరిగే మానిటర్, అంటే జంతువుల జాడ కనిపెట్టే ఉద్యోగి, చెప్పాక అర్థమైంది. మామూలుగా పెద్దయిన అడవి కుక్కలు పుట్టిన మంద వదిలి ఎక్కడో దూరంగా జంటని వెతుక్కుంటాయి. ఇక్కడ అడవులన్నీ కంచెల మధ్య ముక్కలుగా ఉన్నాయి కాబట్టి ఆ పని మనుషులే చేయాలి, ఒక రిజర్వ్ నుంచి ఇంకో రిజర్వ్‌కి తీసుకెళ్లి కలపాలి. ఏ కుక్క ఏ మందది, ఏది ఎవరి పిల్ల, ఏది ఈమధ్య విడిపోయింది అన్నది తెలియకపోతే ఏదాన్ని కదపాలో ఎలా తెలుస్తుంది? మేం నింపిన ఆ ఫారాలే దానికి ఆధారం. కనపడలేదని రాసిన ఫారానికీ విలువుంది, వరసగా నాలుగు రోజులు ఒక మంద జాడ లేదంటే కంచె దాటి ఊళ్ల వైపు వెళ్లిందేమోనని వెతకడం మొదలుపెడతారు.

తొమ్మిదో రోజు సాయంత్రం గురించి రాయాలి. పదకొండు కుక్కల మంద, ఇసుక వాగులో పడుకుని ఉన్నాయి. నేను బైనాక్యులర్‌తో లెక్కపెడుతూ ఒక ఆడకుక్క దగ్గర ఆగిపోయాను, మెడ మీద వెంట్రుకలు తడిగా, నల్లగా కనిపించాయి. కాలర్ ఒరుసుకుపోయిందేమో అనుకున్నా, కానీ దానికి కాలర్ లేదు. మానిటర్ చూసి ఒక్క మాటే అన్నాడు, తీగ అని. జింకల కోసం పెట్టే ఉచ్చు. తెంచుకుని బయటపడింది గానీ తీగ మెడకే బిగుసుకుని కండలోకి దిగింది. అది తల వంచినప్పుడల్లా పక్క కుక్క వచ్చి ఆ గాయం నాకేది. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం, ఎవరం మాట్లాడలేదు. తెల్లారి వెటర్నరీ డాక్టర్ వచ్చి మత్తు బాణం వేసి, తీగ కత్తిరించి తీశాడు. మందు పెట్టి వదిలాక ఇరవై నిమిషాలకి లేచి, తూలుకుంటూ మంద దగ్గరికి నడిచింది. ఆ తీగ నా చేతికిచ్చారు, సైకిల్ బ్రేకు తీగ అంత మందం కూడా లేదు.

ఇక మిగతా విషయాలు. ఇల్లు శుభ్రంగా ఉంది, గదికి ఇద్దరు, వేడినీళ్లు వస్తాయి, ఫోన్ సిగ్నల్ దాదాపు లేదు. మధ్యాహ్నాలు కెమెరా ట్రాప్ (ఎదురుగా ఏదైనా కదిలితే తనంతట తనే ఫొటో తీసే కెమెరా) ఫొటోలు వేరు చేసే పని ఉంటుంది, వందల ఫొటోల్లో గాలికి ఊగిన కొమ్మలూ బబూన్లే ఎక్కువ, విసుగొస్తుంది, ఓపిక తెచ్చుకోండి. ఖడ్గమృగాల ఫొటోలు ఎక్కడా పెట్టకూడదు, ఫోన్లో లొకేషన్ ఆపేయాలి, ఇందులో వాళ్లు చాలా కచ్చితం. కొమ్ముల కోసం వచ్చే వేటగాళ్ల బెడద అంతలా ఉంది కాబట్టే 2024లో ఇక్కడి ఖడ్గమృగాలకి కొమ్ములు కోసేయడం మొదలుపెట్టారు. చెప్పకుండా బండి దిగడం కుదరదు. మలేరియా మందుల గురించి వెళ్లే ముందు డాక్టర్‌ని అడగండి.

వంట మనమే వంతులవారీగా చేసుకోవాలి. మాంసం తినని వాళ్లు డర్బన్‌లోనే కందిపప్పు, చింతపండు, కారం కొనుక్కోండి. అక్కడ మనవాళ్లు 1860 తర్వాత చెరుకు తోటల్లోకి కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్ల సంతతి, అక్కడి తెలుగువాళ్ల సంఘం ఆంధ్ర మహాసభ 1931 నుంచీ ఉంది. నేను సరుకులు కొన్న కొట్టు పెద్దావిడకి తెలుగు రాదు, కానీ నా పేరు వినగానే "మా అవ్వ 'పులుసు' అనేది" అంటూ ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది, డబ్బు వద్దంటూ ఒక ఆవకాయ సీసా చేతిలో పెట్టింది. నా వంతు రోజు పులిహోర చేశాను, అడుగున ఒక్క మెతుకు మిగల్లేదు.

నా ఫిర్యాదు అంతా నేను బుక్ చేసుకున్న ఏజెంటు మీద. భోజనం కలిపే అన్నాడు, డర్బన్ ఎయిర్‌పోర్టు నుంచి బండి వస్తుందన్నాడు, రెండూ అబద్ధమే. నేను కట్టినదాంట్లో ఎంత అడవికి వెళ్లిందని అడిగితే ఇప్పటిదాకా జవాబు లేదు. నడిపే సంస్థకి నేరుగా రాయండి, డబ్బు దేనికి ఖర్చవుతుందో వాళ్లు విడివిడిగా చెప్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి, సింహం పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పాలు పట్టొచ్చు అని ఎవరైనా వాలంటీర్లని పిలిస్తే దయచేసి వెళ్లకండి. దక్షిణాఫ్రికాలో అలా బోనుల్లో పెంచిన సింహాల్ని పెద్దయ్యాక డబ్బు కట్టి వచ్చే వేటగాళ్ల కోసం కంచెలో వదిలే వ్యాపారం ఉంది. నిజంగా అడవి కోసం పనిచేసేవాళ్లు జంతువుని ముట్టుకోనివ్వరు. ఆ రెండు వారాల్లో నేను దేన్నీ ముట్టుకోలేదు.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది బండిలో దుప్పట్లు చాలకపోవడం వల్ల. వచ్చే జూన్‌కి మళ్లీ రాశాను, ఈసారి నాలుగు వారాలకి, నేరుగా వాళ్లకే.