బిగుసుకుపోయిన వాల్వ్ స్ప్రింగులు: సుత్తీ సాకెట్టా, సీ క్లాంపా, డ్రిల్ ప్రెస్సా? ఏది మేలు?

వాల్వ్‌లు విప్పడానికి పాత ఇంజిన్ హెడ్డు (సిలిండర్ల మీది మూత) బల్ల మీద పెట్టి, వాల్వ్ స్ప్రింగును నొక్కే క్లాంపు తగిలించి మర తిప్పుతుంటారు. స్ప్రింగు మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా దిగదు. క్లాంపు దవడలు విచ్చుకుంటుంటాయి, చేతికి బరువు తెలుస్తుంటుంది. చాలామంది ఇక్కడే మర ఇంకా బిగిస్తారు, పనిముట్టు వంగేదీ, స్ప్రింగును నిలిపే చిన్న ముక్కలైన కాటర్లు ఎగిరి మూల దూరేదీ అప్పుడే.

నిజానికి అక్కడ బిగుసుకున్నది స్ప్రింగు కాదు. స్ప్రింగు మీద టోపీలా కూర్చునే రిటైనర్ మధ్యలో గరాటులా కిందికి సన్నబడే రంధ్రం ఉంటుంది. ఆ గరాటులో వాల్వ్ స్టెమ్‌ను, అంటే వాల్వ్ కాడను, రెండు వైపుల నుంచి పట్టుకునే సగం ముక్కలే కాటర్లు, కొందరు లాకులు అంటారు. వాటి లోపలి గట్టు స్టెమ్ మీది గాడిలో ఇరుక్కుని ఉంటుంది. స్ప్రింగు రిటైనర్‌ను పైకి తోసేకొద్దీ గరాటు కాటర్లను మరింత పిండుతుంది. ఈ వాలు ఎక్కువ ఇంజిన్లలో 7 లేదా 10 డిగ్రీలే. ఇంత తక్కువ వాలున్న జోడు గొడ్డలి పిడిలో దిగ్గొట్టిన చీలలాంటిది, దానంతటది వదలదు. దానికి ఏళ్ల తరబడి వేడి నూనె బంక, లేదా మూలపడ్డ ఇంజిన్ అయితే తుప్పు తోడైతే, రెండు లోహాలూ ఒకటైపోతాయి. సీ క్లాంపు వాల్వ్ ముఖాన్ని (పళ్లెంలాంటి కింది కొసను) ఆపి రిటైనర్‌ను పైనుంచి నొక్కుతుంది కాబట్టి, ఈ అతుకు విడిపోయేదాకా స్ప్రింగుకు కదిలే వీలే లేదు.

ఇలాంటి అతుకు నిదానమైన ఒత్తిడికి మొండికేస్తుంది, చురుకైన దెబ్బకు లొంగుతుంది. కింది పద్ధతులన్నింటినీ ఈ ఒక్క విషయం దృష్టిలో పెట్టుకుని చూడాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు రాత్రే నూనె పోయండి. హెడ్డును స్ప్రింగులు పైకి ఉండేలా పెడితే రిటైనర్ గుంటలోనే మడుగు కడుతుంది, రెండు కాటర్ల మధ్య ఉన్న సన్నటి చీలికల్లోంచి లోపలికి దిగుతుంది. గుంటలో తేనె రంగు నున్నటి పూత కనిపిస్తే అది నూనె బంక, కార్బురేటర్ క్లీనర్ దాన్ని బాగా కరిగిస్తుంది. ఎర్రటి పొడి ఉంటే తుప్పు, దానికి తుప్పు వదిలించే పల్చటి నూనె వేయాలి. గ్యాస్ టార్చి మాత్రం వద్దు. స్ప్రింగు ఉక్కు పదును పోతుంది, అల్యూమినియం హెడ్డయితే వంకర తిరుగుతుంది. బయటికి చూస్తే స్ప్రింగు బాగానే ఉంటుంది, ఇంజిన్ జోరందుకున్నప్పుడే దాని నీరసం తెలుస్తుంది.

సుత్తీ సాకెట్టూ

దాదాపు ఖర్చు లేని పద్ధతి. అతుకు విడగొట్టడంలో దీన్ని మించింది లేదు. సాకెట్ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. దాని అంచు రిటైనర్ చదును మీద ఆనాలి, లోపలి ఖాళీ కాటర్ల కంటే వెడల్పుగా ఉండాలి. అంచు కాటర్ల మీద పడితే మీ దెబ్బ వాటిని ఇంకా లోపలికి దిగగొడుతుంది. అంటే చేయాల్సిన దానికి సరిగ్గా తిరగబడ్డ పని. చాలా పాత కార్లకు 16 నుంచి 19 మి.మీ. మధ్య పొడవాటి సాకెట్ ఒకటి సరిపోతుంది. పొడవు ఎందుకంటే, స్టెమ్ కొస సాకెట్ అడుక్కి తగలకూడదు.

ఎక్కువమంది వదిలేసేది కింద పెట్టాల్సిన దిమ్మ. హెడ్డును చదునైన చెక్క మీద ఉత్తినే పెట్టి కొడితే, వాల్వ్ ముఖం ఉండే కంబషన్ చాంబర్ (ఇంధనం మండే చోటు) గుంట ఖాళీగా ఉంటుంది. దెబ్బకు స్ప్రింగు, రిటైనర్, వాల్వ్ అన్నీ కలిసి కిందికి దిగి మళ్లీ లేస్తాయి. సుత్తి బంతిలా ఎగురుతుంది, అతుకు మాత్రం అలాగే ఉంటుంది. చాంబర్ లోతుకు సరిపడా గట్టి చెక్క ముక్క చెక్కి వాల్వ్ ముఖం కింద ఇరికించండి. ఇప్పుడు వాల్వ్ కదలదు, దెబ్బంతా గరాటు మీదే పడుతుంది. సుమారు అరకిలో సుత్తితో నిటారుగా, చురుగ్గా మూడు నాలుగు దెబ్బలు చాలు. మొదట మోత గట్టిగా, ఒకే ముద్దను కొట్టినట్టు వస్తుంది. అతుకు విడగానే రిటైనర్ ఒక్క క్షణం దిగి స్ప్రింగు మోత వినిపిస్తుంది, చేతికీ ఆ తేడా తెలుస్తుంది. అక్కడ ఆపేయండి.

ఆపేయమనడానికి కారణం ఉంది. ఇదే దెబ్బలతో కాటర్లను కూడా బయటికి ఎగరగొట్టవచ్చు. సాకెట్ లోపల చిన్న మాగ్నెట్ పెడితే అవి దానికే అతుక్కుంటాయి. దీనికోసమే మాగ్నెట్‌తో తయారైన కొట్టుడు పనిముట్లూ దొరుకుతాయి. మెత్తటి ఒంటి స్ప్రింగు, సన్నటి స్టెమ్ ఉన్న ఇంజిన్లలో ఇది బాగానే పనిచేస్తుంది. కానీ బిగుసుకున్న హెడ్డులో తరచూ ఒక కాటర్ వచ్చి రెండోది ఉండిపోతుంది. అప్పుడు రిటైనర్ పక్కకు ఒరుగుతుంది, తర్వాతి దెబ్బ వంకరగా పడి స్టెమ్ వంగుతుంది. లోపలొకటి బయటొకటి జంట స్ప్రింగులున్నవాటికి ఈ పద్ధతి అసలు వద్దు. పైగా మళ్లీ బిగించేటప్పుడు సుత్తి పనికిరాదు, ఏదో ఒక క్లాంపు ఎలాగూ కావాలి.

సీ క్లాంపు

అతుకు విడిపోయాక దీన్ని మించింది లేదు, విడకముందు మాత్రం ఇదే అన్నింటికంటే ప్రమాదం. ఒక కొస వాల్వ్ ముఖం మధ్యలో ఆనుతుంది, రెండో కొస రిటైనర్‌ను నొక్కుతుంది, బలం స్టెమ్ గీత వెంటే పోతుంది. పాత మామూలు ఇంజిన్లలో మూసి ఉన్న వాల్వ్ మీద స్ప్రింగు బలం సుమారు 25 నుంచి 40 కిలోలు. కాటర్లు తీయడానికి 5 నుంచి 10 మి.మీ. నొక్కితే చాలు. అందుకే మీ మర ఆ లెక్క దాటి బిగుస్తున్నా ఏమీ కదలకపోతే, లోపల అతుకు వదల్లేదని అర్థం చేసుకుని మర వదులు చేయండి.

వదిలాక మళ్లీ సుత్తీ సాకెట్టూ. లేదా క్లాంపును స్ప్రింగు 2, 3 మి.మీ. దిగాల్సినంత మాత్రమే బిగించి, రిటైనర్‌ను నొక్కుతున్న దవడ వెనక నైలాన్ సుత్తితో ఒకటి తగిలించండి. 'టప్' మని విడుతుంది. ఆ క్షణంలో క్లాంపు జారవచ్చు కాబట్టి ముఖం దానికి ఎదురుగా ఉండకూడదు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. హెడ్డు మీద మందపాటి గుడ్డ కప్పితే ఎగిరే కాటర్లు అందులోనే చిక్కుకుంటాయి.

కొనేటప్పుడు చూడాల్సింది బిగించే బలం కంటే గొంతు లోతు. వెడల్పాటి హెడ్డు నడిమి వాల్వ్‌ల దాకా అది అందాలి. టాపెట్ గిన్నెలు (వాల్వ్ కొస మీద బోర్లించినట్టుండి దాన్ని నొక్కేవి) కూర్చునే గుంటల్లో స్ప్రింగు దాగి ఉండే హెడ్డులకైతే సన్నటి గొట్టం లాంటి అడాప్టర్ ఉండాలి, దానికి పక్కన కిటికీ ఉండాలి. మామూలు దవడ ఆ గుంట గోడను గీస్తుంది. గిన్నె జారేది ఆ గోడ మీదే, ఆ గీత ఇక పోదు. ఇంకో చిన్న మాట: అవసరానికి మించి నొక్కితే రిటైనర్ అడుగు వెళ్లి స్టెమ్ సీలుకు (స్టెమ్ వెంట నూనె కిందికి కారకుండా ఆపేదానికి) తగులుతుంది. సీలు మార్చే ఉద్దేశం ఉంటే ఫర్వాలేదు. లేకపోతే అది చితికి, రేపు పొగ గొట్టంలోంచి నీలం పొగ వస్తుంది.

డ్రిల్ ప్రెస్, లివరు

నిలువు డ్రిల్ ప్రెస్ ఉన్నవాళ్లు కరెంటు ప్లగ్ తీసేసి, బిట్ స్థానంలో ఒక కడ్డీ బిగించి, కిటికీ కోసిన గొట్టం ముక్కతో రిటైనర్‌ను నొక్కుతారు. ఒక చెయ్యి పిడి మీద, రెండోది కాటర్ల దగ్గర. వరుసగా ఎనిమిదో పదహారో వాల్వ్‌లు విప్పాలంటే సీ క్లాంపు కంటే పని చకచకా సాగుతుంది. లోపం ఒకటే, వాల్వ్‌లు వాలుగా ఉన్న హెడ్డుల్లో ప్రతి వరుసకూ హెడ్డు కింద చెక్క చీలలు పెట్టి స్టెమ్‌ను నిటారుగా తేవాలి. తేకపోతే గొట్టం జారి పక్కకు తన్నుతుంది. అతుకు విడగొట్టే దెబ్బ ప్రెస్ పిడి మీద వేయకండి, దాని బేరింగులు అందుకు చేసినవి కావు.

లివరు రకం, అంటే రాకర్ స్టడ్‌కు (వాల్వ్ కొసను నొక్కే రాకర్ చేతిని నిలిపే బోల్టుకు) తగిలించి పలుగులా నొక్కేది, హెడ్డు కారు మీదే ఉన్నప్పుడు పనికొస్తుంది. అది గుండ్రటి దారిలో నొక్కుతుంది కాబట్టి రిటైనర్ ఒరిగే అవకాశం ఎక్కువ. బిగుసుకున్న జోడుకు దాన్ని చివరగా తలచుకోండి.

హెడ్డు దింపకుండా చేస్తే

సీలు మార్చడానికి మాత్రమే అయితే హెడ్డు దింపనక్కర్లేదు, వాల్వ్ లోపలికి పడకుండా ఆపితే చాలు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి 6, 7 బార్ గాలి పెట్టడం ఒక దారి. కంప్రెషన్ దశలో పిస్టన్ సరిగ్గా పై కొసన ఉండాలి, లేకపోతే గాలి ఇంజిన్‌ను తిప్పేస్తుంది, రెంచీ వేసి ఉన్న చెయ్యి నలుగుతుంది. రెండో దారి తాడు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగా మీటరుకు పైగా నైలాన్ తాడు రంధ్రంలోకి కూరి, ఒక కొస బయటే ఉంచి, క్రాంకును చేత్తో తిప్పి తాడు వాల్వ్‌లకు గట్టిగా అదిమేలా చేయాలి.

మామూలు హెడ్డుకు ఏదైనా ఒకటే. బిగుసుకున్న దానికి నా ఓటు తాడుకే. గాలి పెట్టి రిటైనర్ మీద కొడితే, ఆ దెబ్బకు వాల్వ్ సీటు వదిలి గాలి బుస్సుమంటుంది, అతుకు మీద పడాల్సిన బలం గాలిలో కలుస్తుంది. తాడు కింద దిమ్మలా నిలబడుతుంది. అయినా తాడు మెత్తన, చెక్క దిమ్మంత పదును రాదు. నాలుగైదు దెబ్బలకు లొంగకపోతే హెడ్డు దింపడమే తక్కువ శ్రమ.

ఇవేవీ పనిచేయకపోతే

స్ప్రింగును క్లాంపుతో కాస్త పట్టి ఉంచి, రిటైనర్‌కు అంచు నుంచి కాటర్ దాకా ఒక పక్క సన్నటి కటింగ్ డిస్కుతో చీలిక కోస్తే గరాటు పట్టు సడలుతుంది. రిటైనర్, కాటర్లు, చాలాసార్లు వాల్వ్ కూడా పారేయాల్సిందే. స్ప్రింగు చుట్లను కోయవద్దు. బలం మీద ఉన్న తీగ తెగితే ఏ వైపు ఎగురుతుందో చెప్పలేం. కొన్ని ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ లోపల సోడియం నింపి ఉంటుంది. స్టెమ్ కోయాలనే ఆలోచన వచ్చినప్పుడు మాన్యువల్ తిరగేయండి.

అంటే ఒకే పనిముట్టు కొనే స్థోమత ఉంటే లోతు గొంతున్న సీ క్లాంపు కొనండి, విడగొట్టడానికి పెట్టెలో ఉన్న సాకెట్టే వాడండి. నెలకోసారైనా హెడ్డులు విప్పేవాళ్లకు డ్రిల్ ప్రెస్ అమరిక కలిసొస్తుంది. సుత్తితోనే మొత్తం కానిచ్చేయడం చిన్న ఇంజిన్లకు నడుస్తుంది, అదీ తుప్పు లేనప్పుడు.

కాటర్లు రాగానే వాల్వ్‌ను కిందికి తోసేయకండి. ఏళ్ల తరబడి రాకర్ దెబ్బలు తిన్న స్టెమ్ కొస పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది, కాటర్ గాడి అంచున గరుకు లేచి ఉంటుంది. వేలిగోరుతో గీసి చూడండి, తగిలితే సన్న ఆకురాయితో చుట్టూ రుద్ది నున్నగా చేయండి. వాల్వ్ దాని బరువుకే గైడ్‌లోంచి (స్టెమ్ కదిలే గొట్టంలోంచి) జారితే సరే. జారకపోతే సుత్తి తీసుకునే ముందు మళ్లీ గోరుతో గీయండి.