వరికోత మిషన్‌కి డాయిచ్ డీటీ కప్లర్లు: రేటుకు తగ్గ సరుకేనా?

ముందే చెప్పేస్తాను. చైన్ల మీద నడిచే కోత మిషన్ ఉన్నవాళ్లు రీపర్ (పైరు కోసే ముందు భాగం) వైపు, ఇంజిన్ వైపు వెళ్లే వైరింగ్‌కి డాయిచ్ బ్రాండు డీటీ సిరీస్ కప్లర్లు (వైరుకి వైరు కలిపే కనెక్టర్లు) వేయించుకోండి, డబ్బు దండగ కాదు. క్యాబిన్ లోపల డాష్‌బోర్డు వెనక మాత్రం అక్కర్లేదు, అక్కడ మామూలు తెల్ల కప్లరే చాలు.

నాది సూళ్లూరుపేటలో ట్రాక్టర్లకు, కోత మిషన్లకు వైరింగ్ చేసే షాపు. మా దగ్గర కప్లర్‌కి ముగ్గురు శత్రువులు: మడిలో బురద, పులికాట్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, మిషన్ అదురు. మామూలు కప్లర్ రెండో సీజన్‌కల్లా పిన్నుల మీద చిలుము పట్టించుకుంటుంది. కొన్ని మిషన్లలో ఇంజిన్ ఆపే సోలినాయిడ్‌కి (కరెంటుతో కదిలే అయస్కాంతపు మీట) కరెంటు అందుతున్నంతసేపే ఇంజిన్ తిరుగుతుంది. ఆ వైరు కప్లర్ దగ్గర ఒక్క క్షణం వదిలినా చాలు, మిషన్ మడి మధ్యలో నిలబడిపోతుంది. గట్టు మీద రైతు, పైన మబ్బు, డ్రైవర్ నుంచి నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఆ టెన్షన్ పడినవాడికి కప్లర్ రేటు పెద్దగా కనిపించదు. ఓనర్లకు కనిపిస్తుంది లెండి. "ఏందన్నా, ప్లాస్టిక్ ముక్కకి ఇంత రేటా?" అని అడగనివాడు లేడు.

డీటీలో ఏముందో చెప్తాను. ఒక్కో పిన్ను 13 ఆంపియర్ల వరకు మోస్తుంది. వెనక ప్రతి వైరు చుట్టూ సీలు రబ్బరు, ముందు రెండు భాగాలు కలిసే చోట ఇంకో సీలు ఉంటాయి. పిన్నులన్నీ దూర్చాక చివర్లో వెడ్జ్ (పిన్నులు కదలకుండా పట్టే ప్లాస్టిక్ చీల) ఒకటి నొక్కాలి. ఏ ఒక్క పిన్ను సగమే కూర్చున్నా ఆ వెడ్జ్ లోపలికి పోదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. సగం కూర్చున్న పిన్ను షాపులో మీటరు పెడితే బాగానే చూపిస్తుంది, రేడియేటర్ పక్కన నాలుగు రోజులు అదిరాకే వెనక్కి జారుతుంది. డీటీలో ఆ తప్పు బల్ల మీదే బయటపడుతుంది.

ఇక మా ఊళ్లో షాపు పెట్టుకుని, కప్లర్ల గురించి మాట్లాడుతూ 2010 క్రిస్మస్ ఎత్తకుండా ఉండలేం. ఆ సాయంత్రం నాలుగు దాటాక పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 లేచింది, జీశాట్-5పీ ఉపగ్రహంతో. మేడల మీద నిలబడి చూస్తున్న మాకు నిమిషమైనా కాకముందే పొగ ముద్దలై విడిపోయింది. ఇంజిన్ పేలిందని ఊరంతా అనుకున్నాం. ఇస్రో మాజీ ఛైర్మన్ జి. మాధవన్ నాయర్ అధ్యక్షతన వేసిన కమిటీ తేల్చింది వేరు. రష్యన్ క్రయోజెనిక్ దశ (అతిశీతల ఇంధనంతో నడిచే పై దశ) అడుగు భాగంలో ఉన్న 10 కనెక్టర్ల గుంపు వేళకాని వేళ ఊడిపోయింది. కంప్యూటర్ రాకెట్ పైభాగంలో ఉంటుంది. అది ఇచ్చే ఆజ్ఞలు వాటిలో కొన్నిటి గుండానే కింద మొదటి దశకు చుట్టూ ఉండే నాలుగు ఎల్40 స్ట్రాప్-ఆన్‌ల (పక్కన కట్టిన చిన్న రాకెట్ల) కంట్రోల్ ఎలక్ట్రానిక్స్‌కు చేరాలి. 47.8 సెకన్ల దగ్గర అంతా మొదలైంది. ఆజ్ఞలు ఆగాయి, దిశ మార్చే శక్తి లేకపోయింది, రాకెట్ పక్కకు వాలి గాలి ఒత్తిడికి 53.8 సెకన్ల దగ్గర విరిగింది. రూలు ప్రకారం 64వ సెకనులో నేల నుంచి పేల్చేశారు.

ఆ కనెక్టర్లు అసలు ఊడాల్సింది 292వ సెకనులో, విడిపొమ్మని ఆజ్ఞ వచ్చాక. కప్లర్ పని చేసేవాడిగా నన్ను కుదిపేసేది ఈ అంకె. నా మిషన్‌లో కప్లర్ ఎన్నటికీ ఊడకూడదు, కాబట్టి లాక్ ఎంత గట్టిదైతే అంత మంచిది. రాకెట్ దశల మధ్య కప్లర్ అప్పటిదాకా అదురును తట్టుకుని పట్టుకోవాలి, చెప్పిన క్షణానికి మారాం చేయకుండా వదలాలి. రెండూ ఒకే వస్తువు చేయాలి. డీటీ లాక్ అక్కడ పనికిరాదు, బొటనవేలితో నొక్కితే తప్ప రాదది.

ఇంకో సంగతి. తర్వాత 2014 జనవరి 5న స్వదేశీ క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ-డీ5 వెళ్లేముందు ఇస్రో చెప్పిన మార్పుల జాబితా చూడండి. క్రయో ఇంజిన్‌ను కాపాడే కింది కవచం డిజైన్ మార్చారు. వైర్లు వెళ్లే టన్నెల్‌ను ఎక్కువ బలాలు తట్టుకునేలా మళ్లీ డిజైన్ చేశారు. ఆ కవచం ఎగిరేటప్పుడు ఎలా కదులుతుందో చూడటానికి వీడియో కెమెరా పెట్టారు. ఈ మూడూ వైర్ల చుట్టుపక్కల సంగతులే. నా షాపులో కూడా ఫిర్యాదుతో వచ్చిన కప్లర్లలో ఎక్కువ భాగం వైరు లాగుడు వల్ల పోయినవే. రీపర్ పైకి లేచినప్పుడు వైరు బిగిసిపోతే, ఎంత ఖరీదైన కప్లరైనా ఆ లాగుడును తన సీలు మీద, పిన్నుల మీద మోయాలి. అందుకే డీటీ వేయించుకునేవాళ్లు మెకానిక్‌ని ఒకటి అడగండి: రీపర్‌ని పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి, వైరు లూజు చూపించమనండి. కప్లర్‌కి రెండువైపులా జానెడు లోపే క్లాంపు ఉండాలి.

కనెక్టర్ ఊడే వరస తప్పినా కొంప మునుగుతుంది. దానికి అమెరికాలోని కేప్ కెనావెరల్‌లో 1960 నవంబరు 21న జరిగిందే సాక్ష్యం. మనిషి లేకుండా పరీక్షగా పంపిన నాసా రాకెట్ మెర్క్యురీ-రెడ్‌స్టోన్ 1 నాలుగు అంగుళాలు లేచి, ఇంజిన్ ఆగి, మళ్లీ తన రెక్కల మీదే కూర్చుంది. రెక్క అడుగున రెండు కేబుళ్లు: ఒకటి కంట్రోల్, ఇంకోటి పవర్, ఎర్త్ కూడా అందులోనే. కంట్రోల్ ముందు ఊడాలి. కానీ వేసింది సైనిక రెడ్‌స్టోన్ క్షిపణికి వాడే పొడవాటి కంట్రోల్ కేబులు. ఎక్కువైన పొడవును క్లాంపుతో సర్దారు, అది సర్దుకోలేదు. పవర్ ముందు ఊడింది, కంట్రోల్ దాదాపు 29 మిల్లీసెకన్లు ఆలస్యమైంది. ఆ కాస్త వ్యవధిలో ఎర్త్ లేక కరెంటు ఇంజిన్ ఆపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) గుండా పారింది, అది పనిచేసి ఇంజిన్ ఆగింది. తర్వాత, ప్రమాదంలో క్యాప్సూల్‌ను (మనిషి కూర్చునే గది) లాక్కుపోవాల్సిన టవర్ ఒక్కటే దాన్ని వదిలేసి ఎగిరిపోయింది, పారాచూట్లు నేల మీదే బయటికొచ్చాయి. ఇంధనం నిండిన రాకెట్ దగ్గరికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేక, బ్యాటరీలు దిగిపోయేదాకా మర్నాటి వరకు ఆగారు. మన ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఎందుకుంటుందని అడిగే కుర్రాళ్లకు నేను ఈ కథే చెప్తాను. అది ముందు తగలాలి, చివర్న వదలాలి. తర్వాతి ప్రయోగానికి వాళ్లు కూడా ఎర్త్ పట్టీ ఒకటి అదనంగా కలిపారు. డిసెంబరు 19న ఎంఆర్-1ఏ శుభ్రంగా వెళ్లింది.

తారుమారు సంగతి కూడా ఉంది. 2020 నవంబరులో ఫ్రెంచ్ గయానా నుంచి వెళ్లిన వేగా రాకెట్ పై దశలో, ఇంజిన్ మూతి తిప్పే రెండు యాక్చుయేటర్ల కేబుళ్లు అటుది ఇటు, ఇటుది అటు కలిపేశారు. స్పెయిన్ ఉపగ్రహమొకటి, ఫ్రాన్స్ ఉపగ్రహమొకటి పోయాయి. డీటీ 12 పిన్నుల కప్లర్ ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాల కీలతో (తప్పు జోడీ ఎక్కకుండా చేసే గాడులు), వేర్వేరు రంగుల్లో వస్తుంది. పక్కపక్కన రెండు 12 పిన్నులు వాడాల్సి వస్తే ఒకటి బూడిద, ఒకటి నలుపు తీసుకోండి. రాత్రి లైటు లేకుండా బిగించినా ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కదు.

ఇప్పుడు ఖర్చు. మామూలు కప్లర్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు. అసలు దెబ్బ టూల్‌ది. డీటీ సాలిడ్ రకం పిన్నుకి నాలుగు వైపుల నుంచీ నొక్కి వైరుకు బిగించే క్రింపింగ్ టూల్ కావాలి, కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే అన్నీ పోయినట్టే. టూల్ లేని షాపులో డీటీ వేయించుకోకండి. క్రింప్ చేసేముందు వైరుకు సీసం పూసి గట్టిపరుస్తామనేవాళ్లు కూడా ఉన్నారు. నాసా క్రింపింగ్ ప్రమాణం 8739.4 అది చేయొద్దనే చెప్తుంది. సీసం ఒత్తిడికి నెమ్మదిగా జరుగుతుంది, పట్టు వదులవుతుంది.

ఆన్‌లైన్‌లో అచ్చం ఇలాగే ఉండే నకిలీలు దొరుకుతాయి. ఒక సీజన్‌లో ఓనరే కొని తెచ్చిన సెట్టు బిగించాను. సీలు రబ్బరు వేసవికే బిరుసెక్కి చీలింది. తక్కువకు వచ్చిందని సంబరపడి తేకండి.

వైరు లావు కూడా చూసుకోండి. డీటీ సీలు పట్టేది ఇన్సులేషన్‌తో కలిపి సుమారు 2.2 నుంచి 3.7 మిల్లీమీటర్ల వైరుని. బజార్లో దొరికే సన్న వైరు వేస్తే పిన్ను బాగానే పడుతుంది కానీ నీళ్లు వెనక నుంచి దూరతాయి. ఆరు పిన్నుల కప్లర్‌లో నాలుగే వాడుతుంటే మిగిలిన రెండు రంధ్రాలకు సీలింగ్ ప్లగ్గులు పెట్టాలి, కప్లర్‌తో పాటు అవి కూడా అడిగి తీసుకోండి.