ఆనకట్టా, గేట్ల బ్యారేజీనా: సీమ నదులకు ఏది మేలు?

ఏటికి అడ్డుకట్ట అనగానే ఇప్పుడు అందరూ గేట్లే అడుగుతున్నారు. గేట్లుంటే నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, నిజమే. వాటిని ఏడాది పొడవునా చూసుకునేదెవరన్నది నేను ముందు అడిగే ప్రశ్న.

తుంగభద్ర మీద సుంకేశులనే తీసుకోండి. కేసీ (కర్నూలు-కడప) కాలువ కోసం 1860ల్లో అక్కడ కట్టింది ఆనకట్ట. నీటిమట్టం కాస్త పెంచి కాలువలోకి మళ్లించడమే దాని పని. వరదొస్తే పైనుంచి దూకి పోతుంది, ఎత్తేవాళ్లు దించేవాళ్లు అక్కర్లేదు. కానీ అలాంటి కట్ట వెనక ఇసుక, ఒండ్రు పేరుకుపోతాయి, నిల్వ పెద్దగా మిగలదు. తర్వాత వచ్చిన బ్యారేజీలో 1.2 టీఎంసీలు నిలుస్తాయి. గేట్లెత్తితే వరదతో పాటు ఒండ్రూ కొంత కిందికి పోతుంది. అంత పెద్ద నదికి బ్యారేజీయే మేలు. అది వరద నుంచి కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు ఎగువన ఆ బ్యారేజీ ఉంది.

చెయ్యేరు సంగతి వేరు. కొండల్లో కుండపోత పడితే గంటల్లో పొంగే ఏరది. పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ వెంటే 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. కింది ఊళ్లలో ఎన్ని ప్రాణాలు పోయాయో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. అన్నీ ఎత్తినా పట్టనంత వరద వచ్చిందన్నది కూడా నిజం. అందుకే ఇలాంటి ఏటి మీద గేట్లను నమ్ముకుని మట్టికట్ట కట్టడం కన్నా, వరద తనంతట తాను పొర్లిపోయే పొడవైన కాంక్రీటు కట్ట మేలంటాను. నిల్వ తగ్గితే తగ్గనీ.

పెద్ద డ్యాములకూ గేట్ల టెన్షన్ తప్పలేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, ఎగువ కాలువ మీద బతికే అనంతపురం రైతు పైరు గురించి ఎంత భయపడ్డాడో!

ఇక చిత్రావతి లాంటి ఎండిన ఏర్లకు చిన్న చెక్ డ్యాములు చాలు. నీళ్లు భూమిలోకి ఇంకి బోర్లు నిలబడతాయి. అయితే వరసగా కట్టుకుంటూ పోతే కింది చెరువుకు చుక్క రాదు. పక్కనే ఇసుక తోడితే పునాది కదులుతుంది. మీ ఊళ్లో చెక్ డ్యాం అడిగే ముందు కింది ఊరి ఆయకట్టు రైతులతో ఒకసారి కూర్చుని మాట్లాడండి.