సైడ్ స్టాండ్ కింద వెడల్పు ప్లేట్: క్లాసిక్ 350 ఉన్నవాళ్ల కోసం నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 లాంటి బరువు బండి ఉండి, హైదరాబాద్‌లో రోజూ ఎక్కడ జాగా దొరికితే అక్కడ పార్క్ చేసుకునేవాళ్లు ఈ ప్లేట్ వేయించుకోండి. నాలుగొందల యాభై రూపాయల వస్తువు, క్రాష్ గార్డ్ కంటే ముందు కొనాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం. కాకపోతే ఏది పడితే అది కాదు, మందం చూసి కొనాలి, అసలు విషయం అక్కడే ఉంది, కింద రాస్తా.

తెలియనివాళ్లకి ఒక ముక్క. సైడ్ స్టాండ్ చివర నేలకి ఆనే పాదం ఉంటుంది కదా, దానికి పైన ఒకటి కింద ఒకటి అల్యూమినియం ప్లేట్లు పెట్టి, పాదం మధ్యలో ఉండేలా అలెన్ బోల్టులతో బిగిస్తారు, అంతే. నేలకి ఆనే భాగం అరచేయంత అవుతుంది.

ఈ బండి బరువు 195 కిలోలు, పెట్రోలూ ఆయిలూ కలుపుకుని కంపెనీ చెప్పే లెక్క ఇది. స్ప్లెండర్ 112 కిలోలు. అలాంటి బండి నించి దీనికి మారినవాళ్లకి బాగా తెలుస్తుంది, రోడ్డు మీద పోతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది, ఆపి దిగే ఆ కాసేపట్లోనే చేతులు బిగుసుకుపోతాయి. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, నేను ఐదడుగుల మూడంగుళాలు, రెండు మడమలూ ఒకేసారి నేలకి ఆనవు, అందుకే బండి ఎక్కడ ఎలా నిలబడుతుందనేది నాకు మైలేజీ కంటే పెద్ద విషయం. పార్కింగ్‌లో "మీరు దిగండి మేడమ్, నేను పెడతా" అని వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, మంచి మనసుతోనే వస్తారు, కానీ నా బండి నేనే పెట్టుకోవాలి నేనే తీసుకోవాలి అని మొదటి నించీ పట్టుదల.

సైడ్ స్టాండ్ వేసిన బండి మూడు చోట్ల ఆనుతుంది, రెండు చక్రాలు, ఈ పాదం. చక్రాలకి రబ్బరుంది, వెడల్పుంది. పాదం మాత్రం ఇనుప ముక్క, దాని మీద పడే బరువంతా ఆ కాస్త జాగాలోనే దిగుతుంది. గట్టి నేలైతే ఏం కాదు. ఏప్రిల్, మేలో ఎండ 40 దాటిందంటే మాత్రం కొత్తగా వేసిన తారు మధ్యాహ్నానికి మెత్తబడుతుంది, పాదం మెల్లగా దిగబడుతూ ఉంటుంది, బండి ఎడమకి ఇంకాస్త వాలుతుంది, వాలినకొద్దీ పాదం మీద బరువు పెరుగుతుంది, ఇంకా దిగుతుంది. పెట్టినప్పుడు బాగానే ఉన్న బండి తిరిగొచ్చేసరికి పడిపోయి ఉండేది ఇందుకే. వానాకాలంలో మట్టితో ఇదే గొడవ, కేబుల్ కోసమో పైపు కోసమో తవ్వి పూడ్చిన చోట పైన ఆరిపోయి గట్టిగా కనిపిస్తుంది, కింద బురదే ఉంటుంది. పాదం నేలకి ఆనే జాగా మూడింతలైతే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడే భారం మూడో వంతుకి తగ్గుతుంది. ప్లేట్ చేసే పని ఇదొక్కటే, కానీ పక్కాగా చేస్తుంది. ఈ ఎండాకాలమంతా ఆఫీసు బయట తారు మీదే పెట్టా, గుర్తు పడింది తప్ప దిగబడలేదు.

ఇప్పుడు మందం సంగతి. కోఠి పక్కన పుత్లీబౌలిలో కొన్నా, బైక్ సామాను షాపులు వరసగా ఉంటాయి కదా, అక్కడ. షాపతను రెండు రకాలు చూపించాడు, ఒకటి పల్చటిది, ఇంకొకటి దాదాపు వేలంత మందం ఉన్నది. "మందంది తీస్కో అక్కా, గట్టిగుంటది, లుక్ గూడ మస్తుంటది" అన్నాడు. నేను పల్చటిదే తీసుకున్నా. ఎందుకంటే పాదం కింద మందం పెరిగిందంటే స్టాండ్ పొడవు పెరిగినట్టే, బండి అంత నిటారుగా నిలబడుతుంది. ఎడమకి తగినంత వాలి ఉంటేనే బరువు స్టాండ్ మీద పడుతుంది, అప్పుడే నిలకడ. నిటారుగా ఉన్న బండిని పక్క బండి తీసేవాళ్లు మోచేత్తో కొంచెం తగిలించినా కుడివైపుకి పడిపోతుంది, అటు పట్టుకోడానికి ఏ స్టాండూ లేదు. మందం ప్లేట్లు సస్పెన్షన్ ఎత్తు పెంచుకున్న బళ్లకి పనికొస్తాయి. నాలాగా ఎత్తు తక్కువున్నవాళ్లు బండి కిందికి దింపించుకుంటుంటారు, అలా దింపిస్తే ఉన్న స్టాండే పొడవైపోతుంది, దాని కింద మళ్లీ ప్లేట్ అంటే ఇంకా ప్రమాదం, వాళ్లు ముందు స్టాండ్ సంగతి చూపించుకోవాలి. బిగించాక చదును నేల మీద పెట్టి, ఒకళ్లని కుడివైపు నిలబెట్టి, ఎడమ నించి సీటుని మెల్లగా నెట్టి చూడండి. సులువుగా లేచి నిటారుగా వచ్చేస్తోందంటే ఆ ప్లేట్ మీ బండికి వద్దు.

లోపాలు కూడా చెప్పాలి. బోల్టులు వదులవుతాయి, ఈ ఇంజిన్ వైబ్రేషన్‌కి అది మామూలే, థ్రెడ్ లాకర్ అని బోల్టు కదలకుండా పట్టుకునే జిగురు ఉంటుంది, అది రెండు చుక్కలు వేసి బిగించాక ఆగింది. బోల్టు తలలు కిందికి పొడుచుకొచ్చిన మోడల్ కొనకండి, సెల్లార్ టైల్స్ మీద ఆ తలలే ఆని జారుతుంది, తలలు లోపలికి దిగిపోయే రకం ఉంటుంది, అది అడగండి. బురదలో పెట్టి తీశాక ప్లేట్ల సందులో మట్టి ఇరుక్కుంటుంది, కాలితో తట్టి స్టాండ్ పూర్తిగా పైకి లేచిందో లేదో చూసుకోవాలి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ నించి సైడ్ స్టాండ్ సెన్సర్ ఉంది, స్టాండ్ కిందుండగా గేర్ వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, అది మనకి రక్షణే, కానీ బరువు ప్లేట్ వేసి, స్టాండ్‌ని పైకి పట్టి ఉంచే స్ప్రింగ్ మీద భారం పెంచడం మంచిది కాదు. అల్యూమినియందే తీసుకోండి, ఇనుముది వద్దు. ఇంకోటి, స్టాండ్ మీదున్న బండెక్కి కూర్చుని ఫోన్ చూసుకునే అలవాటు, పిల్లల్ని ఎక్కించే అలవాటు ఉంటే మానేయండి, పాదం వెడల్పైనంత మాత్రాన స్టాండ్ పైనుండే పిన్ను బలం పెరగదు.

వాలు మీద ఈ ప్లేట్ ఏమీ చేయలేదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రోడ్లు తెలుసుగా, చదునుగా ఉండే జాగా వెతుక్కోవాలి. ముందు చక్రం ఎక్కుడు వైపు ఉండాలి, ఎప్పుడూ. ముక్కు పల్లానికి పెడితే బండి ముందుకి జరుగుతుంది, సైడ్ స్టాండ్ మడుచుకునేది వెనక్కే కాబట్టి తనంతట తనే మడుచుకుపోతుంది. ఇంజిన్ ఆపి మొదటి గేర్‌లో వదిలేయండి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పండి, సీటు వదిలే ముందు బండిని కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి. రోడ్డు అడ్డంగా వాలి ఉంటే ఎడమ పక్క ఎత్తుగా ఉన్నచోట అస్సలు పెట్టొద్దు, మందం ప్లేట్ గురించి చెప్పిందే ఇక్కడా జరుగుతుంది. షాపు ముందు పల్లంలోకి ముక్కు దూర్చి పెట్టేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది, 195 కిలోలని ఎక్కుడు మీద వెనక్కి లాగడం ఇద్దరి వల్ల కూడా కష్టం. కష్టమో నష్టమో పెట్టేటప్పుడే తిప్పి వెనక చక్రం లోపలికి పెట్టాలి.

సెల్లార్‌లో రాత్రికి పెట్టేది మాత్రం డబల్ స్టాండే. దీనికి కండబలం కావాలనుకుంటారు, మా మరిది జిమ్‌కి వెళ్లే మనిషి, అతను రెండు చేతులతో బండిని పైకి లేపాలని చూసి నడుం పట్టేసుకున్నాడు. లేపకూడదు, తొక్కాలి. బండికి ఎడమవైపు నిలబడి ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని నిటారుగా చేయండి, కుడిచెయ్యి సీటు వెనక పట్టుకునే రాడ్ మీద, కుడికాలితో డబల్ స్టాండ్ కొమ్ముని కిందికి దింపండి. ఇక్కడ తొందరపడొద్దు, బండిని కొంచెం అటూ ఇటూ ఊపితే స్టాండ్ రెండు కాళ్లూ నేలకి తగలడం మీ పాదానికే తెలుస్తుంది, ఒక్కటే తగిలిందంటే ఇంకా నిటారు కాలేదని. రెండూ తగిలాక మీ ఒంటి బరువు మొత్తం ఆ కుడికాలి మీద వేసి నిలబడిపోండి, బండి తనే వెనక్కి జరుగుతూ స్టాండెక్కుతుంది, కుడిచెయ్యి దారి చూపిస్తే చాలు. చెప్పులతో చేయొద్దు, షూ వేసుకోండి. పొద్దున వాచ్‌మన్ సెల్లార్ కడిగి వెళ్లిన తడి మీద కూడా వద్దు. అప్పటికీ కష్టమైతే వెనక చక్రం కింద పల్చటి చెక్క ముక్క పెట్టుకోండి, సగం శ్రమ తగ్గుతుంది. దింపేటప్పుడు ముందు సైడ్ స్టాండ్ కిందికి దించి పెట్టుకుని, తర్వాత ముందుకి నెట్టి, చక్రం నేలకి తగలగానే ముందు బ్రేకు పట్టాలి.

ఇంజిన్ ఆపి తోసుకెళ్లేటప్పుడు కూడా ఎడమవైపే ఉండి, తుంటి ట్యాంకుకి ఆనించి, రెండు వేళ్లు బ్రేకు మీద ఉంచి, బండిని మనవైపు కొంచెం వాల్చుకుని నడవాలి. అటువైపు వాలనిచ్చారా, ఆపలేరు. పడిపోతోందని అర్థమైతే వదిలేసి పక్కకి జరగండి, ట్యాంక్ సొట్ట తీయించుకోవచ్చు, కాలు సైలెన్సర్ కింద ఇరుక్కుంటే కాలుతుంది. పడ్డ బండిని లేపాలంటే హ్యాండిల్ మీదుండే కిల్ స్విచ్‌తో ఇంజిన్ ఆపి, కుడివైపు పడి ఉంటే సైడ్ స్టాండ్ ముందే తెరిచి పెట్టి, బండి గేర్‌లో ఉండేలా చూసుకుని, సీటుకి వీపు ఆనించి గుంజీలు తీస్తున్నట్టు కూర్చుని ఒక చెయ్యి హ్యాండిల్‌కి ఒక చెయ్యి వెనక రాడ్‌కి వేసి, కాళ్లతో తోస్తూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. వంగి చేతులతో లాగితే లేవదు, నడుం పోతుంది.

ప్లేట్‌కి నా రేటింగ్ ఐదుకి నాలుగు. ప్యాకెట్‌లో అలెన్ కీ ఇచ్చారు, థ్రెడ్ లాకర్ ఇవ్వలేదు, అది మనమే విడిగా కొనుక్కోవాలి. బిగించడం ఇంట్లోనే అయిపోతుంది, బండి డబల్ స్టాండ్ మీద పెట్టి చేయండి.