లో కార్బ్ పిండి: పుల్కాకి పనికొస్తుందా?

షుగర్ జబ్బున్నవాళ్లు పుల్కాలకి వాడే లో కార్బ్ (పిండిపదార్థం తక్కువుండే) పిండిలో ఎక్కువగా ఉండేవి గోధుమ గ్లూటెన్ (గోధుమలోని సాగే ప్రొటీన్), సోయా పిండి, ఇసబ్గోల్ పొట్టు. మామూలు గోధుమపిండిలో 100 గ్రాములకి సుమారు 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. లో కార్బ్ పిండిలో అది 25 గ్రాముల లోపు లేకపోతే ఆ ధర పెట్టడం దండగ. ‘మల్టీగ్రెయిన్’ అన్నంత మాత్రాన మోసపోవద్దు. దినుసుల జాబితాలో మొదటిది గోధుమే అయితే రక్తంలో షుగర్ దగ్గర పెద్ద తేడా రాదు.

ఇసబ్గోల్ నీళ్లు బాగా పీలుస్తుంది. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, మూతపెట్టి పావుగంట ఆగాలి. వెంటనే ఒత్తితే అంచులు పగులుతాయి. గ్లూటెన్ మరీ ఎక్కువున్న రకమైతే కర్ర తియ్యగానే వెనక్కి ముడుచుకుంటుంది. పుల్కా మందంగా మిగిలి, చల్లారాక రబ్బరులా సాగుతుంది. పెనం మీంచి తీసింది తీసినట్టు తింటే బాగానే ఉంటుంది, లంచ్ బాక్సుకి మాత్రం వద్దు.

అదే షెల్ఫులో ఉండే షుగర్ ఫ్రీ బిస్కెట్లు వేరే కథ. చక్కెర లేదు సరే, మైదా ఉందిగా! చక్కెర బదులు మాల్టిటాల్ అనే తీపి పదార్థం వేస్తే అదీ షుగర్ పెంచుతుంది, పైగా కడుపుబ్బరం.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ (షుగర్ మాత్ర) లాంటివి వాడేవాళ్లు డోసు మార్చకుండా అన్నం మానేసి ఈ పుల్కాలకి మారితే షుగర్ పడిపోవచ్చు, ముందే డాక్టరుతో మాట్లాడాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఇందులోని ప్రొటీన్ కూడా లెక్కే. సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) ఉంటే అసలు ముట్టుకోకూడదు. చిన్న ప్యాకెట్ కొని, తినేముందూ తిన్న రెండు గంటలకీ గ్లూకోమీటర్‌తో చూసుకున్నాకే ఐదు కిలోల సంచి.