ఛత్తా బజార్‌లో బైండింగ్: వెయ్యి పేజీల జర్మన్ పాటల పుస్తకం మళ్లీ నిలబడింది

ముందే చెప్పేస్తాను. ఇంట్లో విడిపోతున్న పాత పుస్తకం ఉండి, పారేయడానికి మనసొప్పక అట్టపెట్టెలో దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తా బజార్‌కు వెళ్లండి. పెళ్లికార్డుల షాపులు దాటాక లోపలి గల్లీలో, మెట్ల కింద చిన్న గది. బోర్డు సరిగ్గా కనిపించదు, మైదా జిగురు వాసన పట్టుకుని వెళ్లడమే. ఒక పెద్దాయన, ఆయన అల్లుడు, ఒక కుట్టు చట్రం, గోడ నిండా కాలికో గుడ్డ చుట్టలు. నాకు 650 రూపాయలు అయింది. పది రోజులన్నారు, పద్నాలుగు పట్టింది. అయినా ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

ఏ పుస్తకమో చెప్పకపోతే నాకు ఇంత సంతోషం ఎందుకో అర్థం కాదు. రెండేళ్ల కింద ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఇంజినీరింగ్ గైడ్ల గుట్ట కింద దొరికింది. వోల్ఫ్‌గాంగ్ ష్టైనిట్స్ సేకరించిన జర్మన్ జానపద గేయాలు. అసలు పుస్తకం తూర్పు బెర్లిన్‌లో రెండు సంపుటాలుగా వచ్చింది, మొదటిది 1954లో, రెండోది 1962లో. నాకు దొరికింది ఆ రెండింటినీ కలిపి ఒకే అట్టలో తర్వాత పశ్చిమ జర్మనీలో వేసిన ప్రతి. అమ్మేవాయన ఆరు వందలన్నాడు, నాలుగు వందలకు ఇచ్చాడు. తార్నాకలో సాయంత్రం క్లాసులకు పోయి నేర్చుకున్న జర్మన్ ఇన్నాళ్లకు పనికొచ్చిందని ఆ రోజు బస్సులోనే చదవడం మొదలుపెట్టాను.

జానపద గేయాలంటే మామూలుగా మనకు ఏం గుర్తొస్తాయి? కోడి కూత, బావామరదళ్ల సరసాలు, పంట, పండగ. జర్మనీలోనూ పాత సంకలనాలు ఎక్కువగా అలాంటివేనట. రాజును తిట్టిన పాట, సైన్యంలోకి ఈడ్చుకుపోయిన కుర్రాడి ఏడుపు, దొర మీద రైతు కోపం, ఇవి పెద్దమనుషుల సంకలనాల్లోకి ఎక్కలేదు. ష్టైనిట్స్ సరిగ్గా వాటినే వెతికాడు. ప్రష్యా రాజును పెద్ద పెద్ద బిరుదులతో పిలిచి, నీ కొలువు మీద మాకు విసుగు పుట్టిందయ్యా అని సిపాయిలు పాడుకున్న పాట ఒకటి ఉంది ఇందులో. చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని గొంతు తగ్గించి పాడుతున్నట్టే అనిపించింది నాకు.

ఈ మనిషి జీవితం గురించి తెలుసుకున్నకొద్దీ పుస్తకం మీద గౌరవం పెరిగింది. 1905లో బ్రెస్లౌలో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. యూదు కుటుంబం, తండ్రి లాయరు. చదివింది జర్మన్ పాటలు కాదు, ఫిన్నిష్, హంగేరియన్ భాషల కుటుంబం. ఫిన్లాండ్, రష్యా సరిహద్దులోని కరేలియా ప్రాంతపు పాటల్లో ఒక పాదంలో ఒక మాట చెప్పి, తర్వాతి పాదంలో అదే మాటను వేరే మాటలతో మళ్లీ చెప్పే పద్ధతి ఉంటుంది. అర్హిప్పా పెర్త్తునెన్ అనే గాయకుడి పాటల మీద ఈ సంగతి తీసుకుని పరిశోధన చేశాడు. మా నానమ్మ బతుకమ్మ పాటల్లో కూడా ఇలాంటి మళ్లింపులు బోలెడు. పాట తెలియని వాళ్లు రెండోసారికి అందుకోవడానికి అలా ఉంటుందని ఆమె చెప్పేది.

1927లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. యూదుడు, పైగా కమ్యూనిస్టు. 1933లో హిట్లర్ రాగానే ఉద్యోగం పోయింది. 1934లో సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్ వెళ్లి అక్కడ ఆ దేశపు ఉత్తరాది జాతుల విద్యాసంస్థలో పాఠాలు చెప్పాడు. సైబీరియాలో ఓబ్ నది ఒడ్డున ఉండే ఖాంతీ జనం దగ్గరికి వెళ్లి వాళ్ల కథలు, పాటలు రాసుకున్నాడు. తను నమ్మిన దేశమే 1937లో వెళ్లిపొమ్మంది. తర్వాత స్వీడన్. ఖాంతీ పాటల కాగితాలు వదిలిపెట్టకుండా, ఒక సంపుటం 1939లో, ఇంకోటి 1941లో అచ్చు వేయించాడు. యూరప్ మొత్తం తగలబడుతుంటే కూర్చుని ఒక చిన్న జాతి పాటలకు అర్థాలు రాయడం, ఈ ఒక్క విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

1946లో బెర్లిన్ తిరిగొచ్చాడు. ఆ తర్వాత పదవులు చాలా ఉన్నాయి, అకాడమీ ఉపాధ్యక్షుడు, ప్రొఫెసరు, అవన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. ఆయన రాసిన రష్యన్ వాచకంతో తూర్పు జర్మనీలో ఎంతోమంది రష్యన్ నేర్చుకున్నారు. నేటి జర్మన్ భాషకు పెద్ద నిఘంటువు పని మొదలుపెట్టించాడు, అది 1977లో ఆరు సంపుటాలుగా పూర్తయ్యేసరికి ఆయన లేడు, 1967లోనే పోయాడు. ఇంత తిరుగుడు అయ్యాక, నడివయసులో, సొంత భాష పాటల దగ్గరికి వచ్చి చేసిన పనే ఈ పుస్తకం.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనవి పాటల కింద ఉన్న వివరాలు. పాట, దాని బాణీ, తర్వాత అది ఎక్కడ, ఏ సంవత్సరం, ఎవరి రాతలో దొరికింది, ఇంకో ఊళ్లో ఏ మాట మారింది, ఏ చరణం రాలిపోయింది, అన్నీ ఉంటాయి. పాట ఒక పేజీ ఉంటే వివరం పది పేజీలు ఉన్న సందర్భాలున్నాయి. చేతిరాత పుస్తకాలు, కరపత్రాలు, పాత సేకరణలు, 1914లో జాన్ మాయర్ అనే పండితుడు ఫ్రైబుర్గ్‌లో పెట్టిన జానపద గేయాల భాండాగారంలోని కాగితాలు, అన్నీ జల్లెడ పట్టాడు. అప్పటికి జర్మనీ రెండు దేశాలుగా చీలి ఉంది, ఫ్రైబుర్గ్ పశ్చిమంలో, ఈయన తూర్పులో.

నేత కార్మికుల పాట దగ్గర ఆ ఓపిక బాగా కనిపిస్తుంది. 1844 జూన్‌లో సైలీసియాలో పేటర్స్‌వాల్డౌ అనే ఊళ్లో కూలి గిట్టక నేతగాళ్లు త్స్వాన్‌జిగర్ అనే వ్యాపారి ఇంటి ముందు ఈ పాట పాడుతూ నడిచారు. పాడినందుకు ఒకతన్ని పట్టుకున్నారు, గొడవ పెద్దదైంది, పక్క ఊళ్లో సైన్యం కాల్పుల్లో 11 మంది పోయారు. బాణీ కొత్తది కాదు, ఏనాటి నుంచో జనం నోట్లో ఉన్న పాత కథాగేయానిది. పాటలో వ్యాపారుల పేర్లు పేర్లతోనే ఉన్నాయి. సైలీసియా ష్టైనిట్స్ సొంత ప్రాంతం కూడా, బ్రెస్లౌ అక్కడిదే. ఇది చదువుతున్నప్పుడు నాకు 'బండెనక బండి గట్టి' తప్ప ఇంకోటి గుర్తు రాలేదు. బండి యాదగిరి కట్టిన పాట, సాయుధ పోరాటంలో ఊరూరా పాడారు, దొర పేరు ఊరిని బట్టి మారేది. మా తాతయ్య పాడే పాఠంలో, అంటే ఆయనకు తెలిసిన పాట రూపంలో, ఉన్న రెండు చరణాలు నాకు అచ్చులో ఎక్కడా కనపడలేదు. అది ఏ ఊళ్లో నేర్చుకున్నాడో అడిగి రాసుకుని ఉంటే బాగుండేది. మనకూ పండితులు లేక కాదు, బిరుదురాజు రామరాజు గారి తెలుగు జానపద గేయ సాహిత్యము 1958లో వచ్చింది, ఇంచుమించు అదే కాలం.

పుస్తకం మీద నాకు ఒక అభ్యంతరం కూడా ఉంది. పేరులోనే ప్రజాస్వామిక స్వభావం ఉన్న పాటలు అన్నాడు. ఏది అందులోకి వస్తుంది, ఏది రాదు అనే చోట ఆయన పార్టీ మనిషి అన్నది తెలుస్తూనే ఉంటుంది. లాలిపాటలో కష్టం లేదా, అత్తింటి పాటలో ఎదురుతిరగడం లేదా? ఆడవాళ్ల గొంతు నేను ఆశించినంత లేదు. కానీ ఆయన ఆధారాలన్నీ ముందు పెట్టాడు కాబట్టి, ఆయనతో విభేదించాలన్నా ఆయన పుస్తకమే చాలు. 1970లలో రెండు జర్మనీల్లోనూ కుర్రాళ్లు ఈ పుస్తకం తెరిచి పాటలు నేర్చుకుని గిటార్లతో స్టేజీ ఎక్కారు. పుస్తకంలో పడుకున్న పాటలు మళ్లీ లేచాయి.

ఇప్పుడు బైండింగ్ సంగతి. నా ప్రతి వెన్ను విరిగి మూడు ముక్కలైంది. ముందు మా ఇంటి దగ్గర ఒక జిరాక్స్ షాపులో ఇచ్చాను, అది నా తప్పే అనుకుంటున్నాను, ఎందుకంటే వాళ్లకు ప్రాజెక్ట్ రిపోర్టుల అలవాటు. మొదటి ముక్కను మెషిన్ కింద పెట్టి అంచులు కోసేసి వేడి జిగురు పూశారు. ముందు యజమాని ఎవరో పెన్సిల్‌తో అంచుల్లో రాసుకున్న మాటలు సగం సగం పోయాయి. ఏ పాటకు ఎక్కడి పాఠమో చెప్పే పుస్తకానికే అంచు కోసేస్తే ఎలా ఉంటుంది? దుకాణం ముందే కళ్లనీళ్లు వచ్చాయి. మిగతా రెండు ముక్కలు ముట్టుకోనివ్వకుండా అన్నీ లాక్కుని వచ్చేశాను.

ఛత్తా బజార్ చాచా పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక్కో ఫారం, అంటే కలిపి మడిచిన పేజీల కట్ట, వేలితో విడదీసి చూశాడు.

"ఏం కితాబు బేటీ ఇది?"

"పాటల పుస్తకం చాచా, జర్మనీ వాళ్లవి."

"గింత మందం పాటలా! మరి జుజ్‌బందీ చెయ్యాలె. అతికిస్తే నిలువదు."

జుజ్‌బందీ అంటే ఫారాలను విడివిడిగా దారంతో కుట్టి ఒకదానికొకటి ముడేయడం. టైం పడుతుంది, కానీ పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకుని పడుకుంటుంది, లోపలి మడత దగ్గర ఉన్న స్వరాలు కూడా కనిపిస్తాయి. అంచులు కోయొద్దని నేను చెప్పకముందే, రాత ఉంది కదా, కోయను అన్నాడు. జిరాక్స్ షాపు వాళ్లు పూసిన జిగురును తడిగుడ్డ వేసి, వేడి చేసి, రెండు రోజులు మెల్లగా గీకి తీశాడట, ఆ ముక్కలో విడిపోయిన పేజీలకు పల్చని కాగితం పట్టీలు అతికించి మళ్లీ జంటలు చేసి కుట్టాడు. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపాడు. ముదురు ఎరుపు కాలికో, మూలలకు గట్టి గుడ్డ, లోపల గుర్తుకు ఒక రిబ్బన్. రిబ్బన్‌కు డబ్బు తీసుకోలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తరు, నాలుగు రోజులు ఆలస్యమైనా చెప్పలేదు, నేను ఊరికే ఒకసారి వెళ్లి తిరిగొచ్చాను. నగదు మాత్రమే తీసుకుంటారు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఆటోలో పోవడం మేలు. వెన్ను మీద బంగారు అక్షరాలు ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగులో వేస్తారు, జర్మన్ చుక్కల అక్షరాలు లేవు. నేను తెలుగులో 'ష్టైనిట్స్ పాటలు' అని వేయించుకున్నాను. బాగుంది. శుక్రవారం షాపు మూసి ఉంటుంది.

తెచ్చుకునేటప్పుడు నానమ్మ బతుకమ్మ పాటల నోటుబుక్కు ఇచ్చి వచ్చాను. రెండు వందల పేజీల గీతల పుస్తకం, పిన్నులు తుప్పు పట్టి ఊడిపోయాయి. ప్రతి పాట పక్కన అది ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె బ్లూ ఇంకుతో రాసింది, వరంగల్ చిన్నమ్మ, పాలమూరు కోడలు, ఇలా. చాచా చూసి, దీనికి ప్రతి పేజీ మధ్యలో పల్చని కాగితం వేస్తాను, ఇంకు అంటుకోకుండా ఉంటుంది అన్నాడు. శనివారం వెళ్లి తెచ్చుకోవాలి.