నాన్న కీమోలో ఉండగా కొన్న కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) క్యాప్సూల్స్, 2 స్టార్లు

క్యాప్సూల్ బాగోలేదని కాదు 2 స్టార్లు, అది ముందే చెప్తున్నా. రెండ్రోజుల్లో వచ్చేసింది, సీల్ బాగుంది, 60 క్యాప్సూల్స్ 849 రూపాయలు, కొంచెం లావే గానీ నాన్న మింగేశారు.

నాన్నకి పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది, ఫోల్‌ఫిరి కీమో నడుస్తోంది. బాబాయి వాట్సాప్‌లో ఏదో వీడియో పంపితే అమ్మ పట్టుబట్టింది, మాది దుగ్గిరాల దగ్గర, పసుపు యార్డు వాసనలో పెరిగినోళ్ళం, ఇక నేనేం కాదంటా. ప్రొడక్ట్ పేజీలో రాసినవి చాలావరకు అబద్ధాలు కావు కూడా. మామూలు పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, ఇది 95 శాతం ఎక్స్‌ట్రాక్ట్. ఉత్త కర్క్యుమిన్ ఒంటికి పట్టదు కాబట్టి మిరియాల్లో ఉండే పైపెరిన్ కలిపారు, అలా కలిపితే 20 రెట్లు ఎక్కువ పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు చూపించిందే.

చిక్కంతా ఆ పైపెరిన్‌తోనే. పూటకొకటి చొప్పున రెండు వారాలు వేశాక తర్వాతి సైకిల్‌కి వెళ్తే సిస్టర్ "ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా అండీ" అని అడిగింది, డబ్బా చూపించా. డాక్టర్ గారు వెనకున్న చిన్నక్షరాలు చదివి "కర్క్యుమిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది ఆపేయండి" అన్నారు. పైపెరిన్ చేసే పనేంటంటే లివర్ కర్క్యుమిన్‌ని బయటికి తోసెయ్యకుండా అడ్డుపడటం, ఈ ఫోల్‌ఫిరి కీమోలో ఎక్కించే ఇరినోటెకాన్ అనే మందుని బయటికి పంపాల్సింది కూడా అదే లివర్, అది ఒంట్లో ఉండిపోతే విరేచనాలు పెరుగుతాయి, తెల్లకణాలు పడిపోతాయి. నాన్నకి ఆ రెండు వారాలు విరేచనాలు ఎక్కువే అయ్యాయి, దీనివల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు, కీమోకీ అవుతాయి. కానీ కీమోలో ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి వాడండి అని పేజీలో ఒక్క ముక్క లేదు, డబ్బా వెనక మాత్రం మందుగా వాడరాదు అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది!

అమ్మకి అసలు కోపం, చెట్ల మందుని డాక్టర్లు తీసిపారేస్తారని. అప్పుడు డాక్టర్ గారే స్టాండ్‌కి వేలాడే లేత పసుపు రంగు ఇరినోటెకాన్ చూపించి అదీ చెట్టుదేనమ్మా అన్నారు. నిజమే, చైనాలో పెరిగే ఒక చెట్టులోంచి 1966లో అమెరికాలో వాల్, వాణీ అనే ఇద్దరు కాంప్టోథెసిన్ అనే పదార్థం తీశారు (వాణీ గారు మహారాష్ట్ర నందుర్బార్‌లో పుట్టినాయన). అది నీళ్ళలో కరగదు, మనుషులకి ఇస్తే తట్టుకోలేకపోయారు, తర్వాత జపాన్ వాళ్ళు దాన్ని మార్చి ఇరినోటెకాన్ చేశారు, అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కి పర్మిషన్ వచ్చేసరికి 1996. ముప్పై ఏళ్ళు! మన క్యాప్సూల్ పేజీలో చూపించిన స్టడీలేమో అన్నీ ల్యాబ్‌లో గాజు గిన్నెలో కణాల మీద చేసినవే. మనుషుల మీద కూడా చూశారు, ఇంగ్లండ్ లెస్టర్‌లో వేరే కీమోతో కలిపి కర్క్యుమిన్ ఇచ్చారు, తట్టుకున్నారట, కానీ 30 మంది కూడా లేని ట్రయల్ పెట్టుకుని పనిచేస్తుందని ఎలా అమ్ముతారు.

ఏ జబ్బూ లేనోళ్ళు వాడితే ఎలా ఉంటుందో నాకు తెలీదు, నా రివ్యూ కీమో ఇళ్ళవాళ్ళకి. సీల్ తీసినవి వెనక్కి తీసుకోరట. కూరలో పసుపు వేసుకోవచ్చన్నారు డాక్టర్ గారు. మిగిలిన 32 క్యాప్సూల్స్ అమ్మ పారెయ్యనివ్వలేదు, పోపుల పెట్టె పక్కనే ఉన్నాయి.